గాజుతొట్టిలో ఇరుగుపొరుగు



పెద్ద చేప చిన్న చేపను మ్రింగుటను మన పూర్వులు మాత్స్యన్యాయమనిరి. దండించు రాజు లేని దేశమున బలవంతుడు బలహీనుని కబళించునని చెప్పుటకు కౌటిల్యుడు ఈ మాటను వాడెను. ముప్పది యేండ్లకు పైగా బడిపంతులుగా నున్న నేనును ఈ న్యాయమును పిల్లలకు బోధించితినే గాని, చేపల నడవడిని కన్నులార పరిశీలించి యెరుగను. ఉద్యోగము విరమించిన పిమ్మట విశాఖపట్టణమున మా పెద్దకుమారుని యింట నొక గాజుతొట్టి ముందు కూర్చున్నప్పుడు గాని, ఆ న్యాయము సగమే నిజమని నాకు తెలియలేదు. మిగిలిన సగమును నేను నేర్చుకొనుటకు కొన్ని మూగప్రాణములు బలియైనవి. ఆ కథను, ఆఫ్రికాఖండపు సరస్సులనుండి వచ్చిన సిక్లిడ్ అను కలహశీలములగు చేపలకు తగిన సహవాసులను ఎన్నుకొను విధమును నేడు మీకు విన్నవింతును.

పల్లెలలోనుండు పెద్దలకు గాజుతొట్టిలోని చేపలతో పని యేమని మీరడుగవచ్చును. నేడు మన మనుమలు పట్టణములందే గాక మండలకేంద్రములందును ఇట్టి తొట్లు పెట్టుకొనుచున్నారు. చేపలను కొనిపెట్టుమని తాతలనే వేధింతురు. అంతియగాక, ఆ తొట్టిలోని చేపలు కొన్ని మన ఊరి చెరువులకును చేరుచున్నవి. దానినిగూర్చి కడపట చెప్పెదను.

మా మనుమడు పండ్రెండేండ్లవాడు. రెండున్నర అడుగుల పొడవుగల తొట్టిని వాని తండ్రి తెచ్చి యిచ్చినాడు. చేపలను తెచ్చు భారము నాపై పడినది. అంగడిలో నేను రంగులను చూచి యెన్నితిని. పసుపుమేనిపై నల్లని చారలుగలవి రెండు, బంగారుచేపలు రెండు, త్రిభుజాకారమున పొడవైన రెక్కలు గల ఏంజెల్ అనునది యొకటి, చిటికెనవ్రేలంత గప్పీలు నాలుగు తీసికొంటిని. ఇవన్నియు కలిసి యుండునా యని అడుగగా, చారలచేపయు నింకను పిల్లయే, అన్నియు సర్దుకొనునని అంగడివాడు చెప్పెను. నేనును నమ్మితిని. నమ్ముటయే గాక, కోపిష్ఠిచేపల పక్కన సాధువులగు చేపలుండిన వానికిని కొంత శాంతి యలవడునని మనసులో నొక సిద్ధాంతమును గూడ కట్టుకొంటిని.

తెల్లవారునప్పటికి గప్పీలు కానరాలేదు. మరునాటికి బంగారుచేపల తోకలు చీలికలైనవి. మూడవనాడు ఏంజెల్ చేప పక్కకు వ్రాలి నీటిపై తేలెను. బంగారుచేపలు వారము దాటలేదు. మిగిలినవి చారలచేపలు రెండే. ఇకనైన ఇవి సుఖముగా నుండునని తలచితిని. కొన్ని వారములకు వానిలో నొకదాని పసుపువన్నె క్రమముగా మాసి, మేనంతయు నల్లబడెను. దానికి జబ్బు చేసినదని భ్రమించి, నేను దానికి మరికొంత మేత వేయుచుంటిని. నిజమునకు నల్లబడినది రోగి కాదు, విజేత. ఆరేటస్ అను ఈ జాతిలో మగది అధికారమునకు వచ్చినప్పుడు ముదురువన్నె దాల్చును. రెండవది తొట్టిమూలలో, నీటిని శుద్ధిచేయు యంత్రపు గొట్టము వెనుక, తల పైకెత్తి నిలిచియుండెడిది. మేతకు వచ్చినచో నల్లనిది బాణమువలె వచ్చి కరచెడిది.

అప్పుడు మా మనుమడు, "తాతయ్యా, దాని నెందుకు కొట్టుచున్నది? అది యేమి తప్పు చేసినది?" అని యడిగినాడు. "దుష్టుల స్వభావము అట్టిదే నాయనా" అంటిని. వాడు ఒప్పుకొనలేదు. నల్లదానిని బడిలో అల్లరిపిల్లవానిని వెలుపల నిలబెట్టినట్లు వేరొక తొట్టిలో నుంచితిని గాని, దెబ్బలు తిన్నది అప్పటికే నీరసించినది, నాలుగవనాడు చచ్చెను. వాని ప్రశ్నకు నాకు సమాధానము తెలియదని ఆనాడు నాకు నేనే ఒప్పుకొని, ఈ చేపల పుట్టుపూర్వోత్తరములను చదువ నారంభించితిని.

ఆఫ్రికాఖండపు తూర్పుభాగమున మూడు మహాసరస్సులు కలవు. విక్టోరియా, టాంగన్యీకా, మలావీ యని వాని పేర్లు. మలావీ సరస్సునకు పూర్వము న్యాసా యని పేరు. 1859లో డేవిడ్ లివింగ్‌స్టన్ దాని తీరమును చేరెను. ఆ సరస్సు పేరనే న్యాసాలాండు అనబడిన దేశము 1964లో స్వతంత్రమై మలావీ యయ్యెను. మొజాంబిక్, టాంజానియా దేశములును ఆ సరస్సును ఆనుకొనియున్నవి. దాని పొడవు 550 కిలోమీటర్లకు పైమాట. లోతు కొన్నిచోట్ల 700 మీటర్లు. అందు సిక్లిడ్ జాతులే ఎనిమిదివందలకు మించియున్నవని శాస్త్రజ్ఞుల లెక్క. వానిలో దాదాపు అన్నియు ప్రపంచమున మరెచ్చటను సహజముగా పుట్టవు. అందుచేతనే ఆ సరస్సు దక్షిణభాగమున 1980లో నొక జాతీయవనమును ఏర్పరచిరి. 1984లో అది ప్రపంచవారసత్వ స్థలములలో చేర్చబడెను.

సిక్లిడ్ కుటుంబము మనకు పూర్తిగా పరాయిది కాదు. 2010లో కేరళరాష్ట్రము తన రాష్ట్రమత్స్యముగా ప్రకటించిన కరిమీన్ ఈ కుటుంబములోనిదే. మన కాలువలలోను చెరువులలోను పెరుగు తిలాపియాయు ఈ వంశపుదే.

మలావీ తీరమున బండరాళ్లగుట్టలు నీటిలోనికి దిగియుండును. ఆ రాళ్ల నడుమ నివసించు సిక్లిడ్లను అచ్చటి తోంగాభాషవారు ఎంబూనా యందురు. చిన్నచేపలివి. నీలము, పసుపు, నారింజ, ఊదా మొదలగు వన్నెలతో నుండును. అంగళ్లలో ఆఫ్రికా సిక్లిడ్లని అమ్మునవి చాలవరకు ఇవియే. రాతిపై పచ్చగా పేరుకొను నాచే వాని యాహారము. ఒక రాతిగుట్టకును మరియొక గుట్టకును నడుమ ఇసుకమేట యుండిన, పలుజాతులు దానిని దాటి పోవు. అందుచేత గుట్టగుట్టకు వన్నెలు మారుచుండును, ఊరూరికి యాస మారినట్లు.

ఇప్పుడు మా మనుమని ప్రశ్నకు వత్తము. ఆ చేప యెందుకు కొట్టును? ఆకలిచేత గాదు. మ్రింగలేని దానినిగూడ అది తరుమును. మగచేపకు ఒక రాయి, దాని క్రింద నొక బొరియ, ఆ చుట్టునుండు కొంత నేల తన సొంతము. అచ్చటికే ఆడుచేప వచ్చి గ్రుడ్లు పెట్టును. ఆడుచేప ఆ గ్రుడ్లను నోటనుంచుకొని సుమారు మూడు వారములు పొదుగును. అంతకాలము దాదాపు ఉపవాసమే. ఇట్టి సంసారమునకు చోటే మూలధనము. ఆ చోటును అపహరింపగలవాడు ఎవడు? తనవలె నుండువాడే. కౌటిల్యుడు పొరుగురాజును సహజశత్రువని చెప్పినాడు. ఈ చేపలు ఆ శాస్త్రమును చదువకయే ఎరిగినవి. తన వన్నెను పోలిన వన్నెగల మగదానిని ఇవి మరింత తీవ్రముగా ఎదుర్కొనునని పరీక్షలలో తేలినది. మా తొట్టిలో జరిగిన దిదియే. ఒకే జాతివి, ఒకే వన్నెవి రెండు, వానికి రెండున్నర అడుగుల రాజ్యము. సరస్సులో నోడిన చేప పారిపోయి మరియొక రాయి చూచుకొనును. గాజుతొట్టిలో పారిపోవుటకు త్రోవ లేదు. దుష్టస్వభావమని నేను చేపపై మోపిన నేరములో సగము తొట్టిది, మిగిలిన సగము తెచ్చిపెట్టిన నాది.

చెరువుల లెక్క తెలిసిన మీకు ఇచ్చట నొక సందేహము రావచ్చును. మన చేపలచెరువులలో బొచ్చె, శీలావతి, మోసు అను మూడు జాతులను కలిపి పెంచుదురు. బొచ్చె పైనీటిలో, శీలావతి నడుమ, మోసు అడుగున మేయును. ఒకదాని కంచమునకు మరియొకటి రాదు. ఆ విధముగనే ఇచ్చటను జాతులను పంచరాదా యని. మంచి ప్రశ్నయే. కాని ఎంబూనాలలో నధికభాగము ఒకే రాతిని, ఒకే నాచును, ఒకే బొరియను కోరును. అందుచేత చోటును మెట్లుగా పంచుటతో చాలదు. మరికొన్ని నియమములు కావలెను. చదివినదానిని, తొట్టివద్ద చూచినదానిని కలిపి వానిని చెప్పెదను.

మొదటిది ఇల్లు. నాలుగడుగుల పొడవునకు తక్కువైన తొట్టిలో పలుజాతుల ఎంబూనాలను కలుపరాదు. ఎత్తుకంటె పొడవు ముఖ్యము, ఏలయన తరుమబడిన చేపకు పరుగెత్తు దూరము కావలెను. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తుగల తొట్టి తొమ్మిది ఘనపుటడుగులు. ఘనపుటడుగునకు ఇరువదియెనిమిది లీటర్ల చొప్పున అది 250 లీటర్లు దాటును. అనగా నీటి బరువే 250 కిలోలకు మించును. గాజుతోను రాళ్లతోను 300 కిలోలు దాటును. కనుక దానిని మోయు బల్ల గట్టిదై, సమమట్టముగా నుండవలెను. తొట్టిలో రాళ్లు గుట్టలుగా పేర్చి, పలు బొరియలు, చూపునకు అడ్డమగు మరుగులు కల్పింపవలెను. ఈ చేపలు ఇసుకను త్రవ్వును. రాళ్లను ఇసుకపై నిలిపినచో క్రింద గోతులుపడి గుట్ట కూలును. కనుక ముందు రాళ్లను అడుగున స్థిరముగా నిలిపి, పిమ్మటనే ఇసుక పోయవలెను.

రెండవది నీరు. మలావీ నీరు క్షారగుణము కలది, వెచ్చనిది. 25 మొదలు 27 డిగ్రీల వేడి తొట్టికి చాలును. ఏంజెల్ చేప అమెజాను నదీప్రాంతపుది, మెత్తని పుల్లనీటికి అలవాటుపడినది. బంగారుచేప చల్లనినీటిది. ఒకే పాత్రలో వీరందరికి అనుకూలమగు నీరుండదు. కలహము లేకున్నను నేను వానిని కలుపకుండవలసినది. కొత్త తొట్టిలో చేపల మలమునుండి పుట్టు అమ్మోనియా విషము. దానిని హరించు సూక్ష్మజీవులు ఏర్పడుటకు కొన్ని వారములు పట్టును. అంతవరకు చేపలను నింపరాదు. కుళాయినీటిలోని క్లోరిన్‌ను విరిచిన పిమ్మటనే పోయవలెను.

మూడవది సమానత్వము. కయ్యమునకైనను వియ్యమునకైనను సమఉజ్జీ కావలెనని మన సామెత. వియ్యమునకు మనము ఎంత విచారింతుమో, ఈ చేపల కయ్యమునకును అంత విచారింపవలెను. సాధుచేపను కోపిష్ఠి పక్కన నుంచుట దయ కాదు. పరిమాణమున, బలమున, స్వభావమున ఇంచుమించు సరిపోవు జాతులనే కలుపవలెను. ఎంబూనాలలో మిక్కిలి తీవ్రములు ఆరేటస్, కెన్యీ మొదలగునవి. కొంత మెత్తనివి పచ్చని పసుపువన్నెగల లాబిడోక్రోమిస్, తుప్పువన్నెగల అయోడోట్రోఫియస్. ఏసీ యనబడు ఊదానీలపు చేప పసుపురెక్కలు కలది, రాతికంటె పైనీటిలో తిరుగుట కిష్టపడును. తీవ్రములను తీవ్రములతో, మెత్తనివానిని మెత్తనివానితో కూర్చవలెను.

నాలుగవది వన్నెభేదము. బలమున సమానములైనను రూపమున భిన్నములై యుండవలెను. పసుపుజాతి యొకటి, నీలిజాతి యొకటి, తుప్పువన్నెది యొకటి యున్న, ఒకదాని కింకొకటి ప్రతిద్వంద్వియని తోచదు. అడ్డచారల నీలిచేపలు రెండు జాతులవి ఒకచోట కూడవు. దగ్గరిజాతులు సంకరమగు భయమును దీనితో కొంత తప్పును.

ఐదవది సంసారపు లెక్క. మగది యొకటికి ఆడువి మూడు, నాలుగు ఉండవలెను. ఆడుది యొక్కటే యున్నచో మగదాని వేధింపంతయు దానిపైననే పడును. నోట గ్రుడ్లుంచుకొని ఉపవాసమున్న తల్లికి అది ప్రాణాంతకము.

ఆరవది ఆహారము. ఎంబూనాలు నాచుమేయునవి గనుక వాని ప్రేగు పొడవైనది. మాంసపుమేత మితిమీరినచో పొట్ట ఉబ్బి చచ్చును. అదే సరస్సులోని ఇసుకనేలలయందు పురుగులను తిను పీకాక్ సిక్లిడ్లు కలవు. అవి అందమైనవి, కొంత సాధువులు. వానికి పుష్టినిచ్చు మేత వీనికి రోగము, వీని దూకుడు వానికి బాధ. ఒకే సరస్సున పుట్టినంతమాత్రమున సహపంక్తికి తగునని తలపరాదు. మరియొకటి కలదు. లివింగ్‌స్టన్ పేరనే పిలువబడునది, ఇసుకపై పక్కకు వ్రాలి చచ్చినట్లు పడియుండును. చిన్నచేపలు శవమని దగ్గరకు వచ్చిన, లేచి మ్రింగును. మన కొంగజపము వంటిదే. అడుగువరకు పెరుగు ఆ చేపను చిన్నవాని నడుమ నుంచరాదు. ఇచ్చటమాత్రము మాత్స్యన్యాయము అక్షరాల నిజము.

ఏడవది సంఖ్య. ఇది వినుటకు వింతగా నుండును. ఇద్దరున్నచోట కయ్యము, పదునార్గురున్నచోట ఒకవిధమగు శాంతి. రెండు చేపలున్నచో దెబ్బలన్నియు నొకదానికే. పలువురున్నచో బలమైన చేప దృష్టి యొకదానిపై నిలువదు, దెబ్బలు పంచబడును, ఒక్కటియు చావదు. కాని సంఖ్య పెరిగినకొలది మలినము పెరుగును. వారమున కొకమారు నాలుగవవంతు మొదలు మూడవవంతు నీటిని మార్చు నోపిక లేనివారు ఈ యుపాయము జోలికి పోరాదు.

సిక్లిడ్ కాని సహవాసి కావలెనన్న, ఆఫ్రికాజాతియగు సైనొడాంటిస్ అను మీసాలచేప తగినది. రాత్రి తిరుగును, పగలు బొరియలో నుండును. దాని వెన్నురెక్కలో ముల్లు కలదు. కనుక దాని నెవరును చులకన చేయరు. ఈ వంశములో టాంగన్యీకా సరస్సుది యొకటి చుక్కలచేప. సిక్లిడ్ తల్లి గ్రుడ్లు పెట్టి నోటికి తీసికొను క్షణమున అది నడుమ దూరి తన గ్రుడ్లను కలుపును. తల్లి తెలియక రెంటిని నోటనుంచుకొనును. చుక్కలచేప పిల్లలు ముందు పొదిగి, ఆ నోటియందే తల్లి సొంతపిల్లలను తినివేయును. 1986లో ఈ సంగతిని ఒక శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. కాకిగూటిలో కోకిలను మనమెరుగుదుము. నీటిలోను అట్టిది కలదని విని నేను విస్తుపోయితిని.

ఈ నియమములతో మేము నాలుగడుగుల తొట్టిని క్రొత్తగా నిలిపితిమి. లాబిడోక్రోమిస్ ఆరు, తుప్పువన్నెవి ఐదు, ఏసీలు ఐదు, అన్నియు పిల్లలే, ఒకే దినమున వదలితిమి. ఒకటి ముందు వచ్చి ఇల్లంతయు తనదనుకొనుటకు వీలు లేకపోయెను. పాత నల్లచేప ఎవరితోను కలుపకుండ పాత తొట్టియందే యున్నది. కొందరికి ఏకాంతమే మేలు.

అయినను మరియొక పొరపాటు జరిగెను. ఏడాది గడచిన పిమ్మట మా మనుమడు నీలివన్నె పిల్లచేప నొకదానిని తెచ్చి, నేను వలదనులోపలనే వదలినాడు. అది కెన్యీ. ఆ జాతిలో ఆడువి, పిల్లలు నీలము. మగది పెరిగినకొలది పసుపగును. నీలముగా వచ్చినది నాలుగుమాసములకు పసుపై, మా పసుపుచేపలనే వెన్నాడ సాగినది. కొనునప్పటి వన్నెను గాక, పెరిగిన పిమ్మటి వన్నెను విచారింపవలెనని అప్పుడు తెలిసినది. దానిని ఆరడుగుల తొట్టిగల యొక మిత్రున కిచ్చితిమి. ఇక శాంతియే యనుకొనునంతలో, ఆ పూటయే ఒక తుప్పుచేప వన్నెదేరి, కెన్యీ విడిచిన బొరియను ఆక్రమించి, దానివలెనే తరుమ నారంభించెను.

ఇదియు శాస్త్రమునకు తెలిసినదే. టాంగన్యీకా సరస్సునకు చెందిన బర్టనీ యను సిక్లిడ్‌పై చాలకాలము పరిశోధనలు జరిగినవి. అధికారియగు మగచేపను తొలగించిన, అణగియున్న మగది నిమిషములలో వన్నె మార్చి అధికారము చూపును. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు 2007లో ప్రకటించిన పరీక్ష మరియు ఆశ్చర్యకరము. ఒక చేప చూచుచుండగా ఐదు చేపలకు జంటజంటలుగా పోటీ పెట్టిరి. మొదటిది రెండవదానిని, రెండవది మూడవదానిని, ఇట్లు వరుసగా గెలిచినవి. పిమ్మట ఎన్నడును ఒకదానితో నొకటి పోరగా చూడని రెండవదానిని నాల్గవదానిని చూపగా, చూచిన చేప బలహీనమగు నాల్గవదాని వైపే నిలిచెను. చూచినదానినుండి చూడనిదానిని ఊహించుటను మన తార్కికులు అనుమానప్రమాణమందురు. తర్కము చదువుటకు నాకు మూడేండ్లు పట్టినది. చేపకు అది పుట్టుకతో వచ్చినది.

కనుక ఒక బలవంతుని తొలగించినంతమాత్రమున కలహము పోదు. అతడు కూర్చున్న పీఠము అట్లే యున్నంతకాలము మరియొకరు వచ్చి కూర్చుందురు. మేము నాడు రాళ్లనన్నిటిని తీసి, వేరువిధముగా పేర్చితిమి. పాత సరిహద్దులు చెరిగిపోవుటతో ప్రతిచేపయు క్రొత్తగా ఇల్లు వెదకుకొనవలసివచ్చెను. నాలుగు దినములలో తొట్టి నెమ్మదించెను. క్రొత్తచేపను చేర్చునప్పుడును ఈ పద్ధతియే మేలు. రాళ్లను మార్చి, దీప మార్పి, చీకటిలో వదలవలెను.

ఇక మీ చెరువుల మాట. తొట్టిగోడలకు పట్టిన పాకురును నాకునని అంగళ్లలో సక్కర్ అను మీసాలచేపను అమ్ముదురు. అది దక్షిణ అమెరికాది. గట్టిపొలుసు కవచము గలది గనుక సిక్లిడ్ల కాటునకు లొంగదని దానిని సహవాసిగా చేర్చుదురు. అది అడుగు దాటి పెరుగును. తొట్టి చాలక, చంపుటకు మనసొప్పక, పుణ్యమనుకొని దానిని కాలువలో వదలువారు కలరు. నేడు మన జిల్లాలలో రైతులు దెయ్యపుచేపయని మొరపెట్టుకొనుచున్నది దీనినే. వలలను చించును, పెంపుడుచేపల మేతను అపహరించును, గట్లను తొలుచును. అమ్మబోయిన కొనువాడు లేడు. మొజాంబిక్ తిలాపియాయు 1952లో మేలు కోరి మన దేశమునకు తెచ్చినదే. కొన్నిమాసములకే పిల్లలుపెట్టి, చెరువునిండ పెరుగని చిన్నచేపలుగా మిగిలి, ఇతరజాతులకు చోటు లేకుండ చేసినది. తొట్టిలో తప్పు సహవాసమును కూర్చినచో నాలుగు చేపలు చచ్చును, నావలె పశ్చాత్తాపపడవచ్చును. చెరువులో కూర్చినచో దానిని సరిదిద్దుటకు ఎవరితరమును కాదు. కనుక తొట్టిచేపను ఏ కారణముచేతను చెరువులో గాని కాలువలో గాని వదలనీయకుడు. పెంచలేనిచో తిరిగి అంగడికి గాని, పెద్దతొట్టి గలవారికి గాని ఇప్పింపుడు. ఈ మాటను మీ యింటి పిల్లలకు చెప్పగలవారు మీరే.

కడపట ఒక్కమాట. బడిలో అల్లరివాని పక్కన మెత్తనివానిని కూర్చుండబెట్టుట నా యలవాటుగా నుండెడిది. మెత్తనిదన మంటుకొనునని నా నమ్మకము. ఒకయేడు అట్లు కూర్చుండబెట్టిన పిల్లవాడొకడు బడికి వచ్చుట మానినాడు. కారణమడిగిన తండ్రికి వాడేమియు చెప్పలేదట. వానికి చదువుపై శ్రద్ధ లేదని నేను పట్టికలో వ్రాసితిని. గొట్టము వెనుక తల పైకెత్తి నిలిచిన చేపను చూచిననాడు, ఇరువదియేండ్లకు పైగా మరచిన ఆ ముఖము నాకు జ్ఞప్తికి వచ్చెను. పిల్లలు చేపలు కారు, నిజమే. వారికి బుద్ధి చెప్పవచ్చును, వారు మారవచ్చును. కాని ఎవరి పక్కన ఎవరిని కూర్చుండబెట్టవలెనో ఎన్నుకొనుట పెద్దవాని పని. చిన్నవాడు ఆ బల్లపైనే కూర్చుండవలెను, చేప ఆ తొట్టియందే తిరుగవలెను.

"అది యేమి తప్పు చేసినది" అని మా మనుమడు నాడడిగినదానికి ఇప్పుడు నేను జవాబు చెప్పగలను. అది యే తప్పును చేయలేదు. తప్పు దానిని అచ్చట నుంచిన చేతిది. ఈ మాట వానితో చెప్పితిని. వాడు కొంతసేపు ఊరకుండి, "మరి ఇప్పుడు సరిగా నుంచినాము గదా తాతయ్యా" అన్నాడు. పదునారు చేపలును కుశలముగా నున్నవి. తరుముకొనుట లేకపోలేదు. తరుమబడినది దాగుకొనుటకు చోటున్నది. అంతకంటె శాంతిని నేను ఆ తొట్టినుండి ఆశించుట లేదు.